దిల్‌సుఖ్‌నగర్ గాయాలు సదరం లెక్కకు రావు

2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు 2013 నాటి హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఐదుగురికీ ఉరిశిక్ష ఖరారు చేసింది. ఆ రోజు టీవీలన్నీ ఒకే లెక్క చదివాయి: 18 మంది మృతి, 131 మందికి గాయాలు. చనిపోయినవాళ్ల ఇళ్లకు మైకులు వెళ్లాయి, వెళ్లాల్సిందే. ఆ 18లో తల్లి కడుపులో ఉన్న బిడ్డ కూడా ఉంది. 131 దగ్గర మాత్రం ఎవరూ ఆగలేదు. ఆ 131 మందిలో ఒకడు నా రూమ్మేట్. పేరు రాయొద్దన్నాడు, మిగతాదంతా రాయమన్నాడు. నాకన్నా పెద్దవాడు కాబట్టి అప్పుడూ ఇప్పుడూ నాకు అన్నే.

2013లో మేం గడ్డిఅన్నారంలో ఒక రేకుల గదిలో ఉండేవాళ్లం. నేను గ్రూప్-2కి, అన్న ఎస్సైకి ప్రిపేరవుతున్నాం. దిల్‌సుఖ్‌నగర్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. నల్లగొండ వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్బీనగర్ దాటి అటే వస్తాయి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, పాత పుస్తకాల బండ్లు అన్నీ అక్కడే. సాయంత్రం ఆరు దాటితే క్లాసులు వదులుతారు, ఆఫీసులవాళ్లు బస్సులు దిగుతారు, రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండదు. పేలుళ్లు జరిగిన ఫిబ్రవరి 21 గురువారం. సాయిబాబా గుడికి వచ్చేవాళ్లు దానికి తోడు.

అదే గుడి దగ్గర 2002 నవంబరులో బాంబు పేలింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో పేలుళ్లు జరిగి నలభై మందికి పైగా చనిపోయిన రాత్రి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలని బాంబు దొరికింది. అంటే 2013 నాటికి ఆ సెంటర్ మీద గురి పెట్టడం అది మూడోసారి. రాష్ట్రాలను ముందే హెచ్చరించామని అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే మర్నాడు చెప్పారు. ఆ హెచ్చరికేదో 107 బస్టాపులో నిలబడ్డవాళ్ల దాకా రాలేదు.

ఏడు గంటల ప్రాంతంలో నేను స్టడీ హాల్లో ఉన్నాను. మొదటి చప్పుడు వినగానే ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాం. కాసేపటికే ఇంకోటి. ఈసారి కిటికీ అద్దాలు గడగడలాడాయి. కిందికి దిగేసరికి జనం ఎదురు పరిగెత్తుకొస్తున్నారు. ఒకటి 107 బస్టాపు దగ్గర, ఇంకోటి ఏ-1 మిర్చి సెంటర్ దగ్గర. రెండూ సైకిళ్ల మీద పెట్టిన బాంబులు. అన్న అరగంట క్రితమే కరెంట్ అఫైర్స్ నోట్సు జిరాక్స్ తీయించుకొస్తానని అటే వెళ్లాడు. ఫోన్ కలవదు. ఎవరి ఫోనూ ఎవరికీ కలవడం లేదు. ఊళ్లో టీవీ చూసినవాళ్లంతా ఒకేసారి పిల్లలకు ఫోన్లు చేస్తే నెట్‌వర్క్ ఏం తట్టుకుంటుంది?

చాలాసేపటికి తెలియని నంబర్ నుంచి ఫోనొచ్చింది. ఒక ఆటో డ్రైవర్. అన్న జేబులో ఉన్న కోచింగ్ ఐడీ కార్డు వెనక నా నంబర్ చూశాడట. ఆటోలో ముగ్గురిని ఎక్కించుకుని హాస్పిటల్‌కు తీసుకెళ్లాడు, పైసా తీసుకోలేదు. ఆయన్ని నేను మళ్లీ చూడలేదు. ఆ రాత్రి అంబులెన్సుల కన్నా ముందు జనాన్ని మోసింది ఆటోలు, బైకులు, తోపుడు బండ్లే.

అన్నకు కాళ్లూ చేతులూ ఉన్నాయి, ముఖం మీద గీతలే ఉన్నాయి. అదృష్టవంతుడన్నారు. నేనూ అన్నాను. ఎడమ పిక్కలో, తొడలో ఇనప ముక్కలు దిగాయి. పెద్దవి తీసేశారు. చిన్నవి నరాల పక్కన ఉన్నాయి, తీయబోతే ఎక్కువ నష్టం, వదిలేద్దామన్నారు. ఆ ఎక్స్‌రే ఇప్పటికీ అన్న దగ్గరుంది. కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే ఎముక చుట్టూ తెల్లగా, నలకల్లా చుక్కలు. ఒక్కటి మాత్రం కాస్త పొడుగ్గా, కొన వంగి ఉంటుంది. సైకిల్ ముక్కో, బాంబులోదో చెప్పలేం. అన్న దాన్ని వేలితో చూపిస్తాడు, “గిది చలికాలంల గుంజుతది” అని.

చెవి సంగతి మూడో రోజుకు గానీ తెలియలేదు. పేలుడు గాలి ఒత్తిడికి అన్నిటికన్నా ముందు చిరిగేది చెవిలోని పొర అని డాక్టర్ చెప్పాడు. బయటికి గాయం కనిపించదు కాబట్టి రక్తం కారేవాళ్ల హడావిడిలో దాన్ని ఎవరూ చూడరు. ఎడమ చెవిలో హోరు మొదలైంది, తర్వాత వినికిడి పోయింది. ఈ పన్నెండేళ్లలో అన్న ఏ హోటల్‌కు వెళ్లినా ఎడమ పక్క గోడ ఉండేలా చూసుకుని కూర్చుంటాడు. మనుషులంతా కుడివైపు ఉండాలి. తెలియనివాళ్లు ఎడమవైపు నుంచి పిలిచి, పలకకపోతే పొగరనుకుంటారు.

ఇక ఎస్సై ఉద్యోగం. అప్పట్లో ఈవెంట్స్‌లో, అంటే ఒంటి సత్తా చూసే పరీక్షల్లో, ముందు ఐదు కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరిగెత్తాలి. అన్న పొద్దున్నే సరూర్‌నగర్ స్టేడియంలో ప్రాక్టీస్ చేసి, అంతకన్నా తక్కువ టైంలోనే వచ్చేవాడు. పేలుళ్ల తర్వాత కుంటకుండా నడవడానికే నెలలు పట్టింది. పరిగెత్తినా మెడికల్‌లో చెవి దగ్గర ఆగిపోయేవాడు. సరే, దివ్యాంగుల కోటాలో వేరే ఉద్యోగం చూద్దామంటే వైకల్యం ఎంత శాతమో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో, కోటాకు కావాల్సిన నలభై శాతం కన్నా తక్కువ వేశారు. ఒక చెవి బాగా వినిపిస్తే అది లెక్కలోకి రాదట. ఉగ్రవాద బాధితులకు కేంద్ర ప్రభుత్వ సాయం పథకం ఒకటుంది. అప్పట్లో మూడు లక్షలు, 2016లో ఐదు లక్షలు చేశారు. అది చనిపోయినవాళ్ల కుటుంబాలకు, యాభై శాతం లేదా అంతకు మించి శాశ్వత వైకల్యం వచ్చినవాళ్లకు. పోలీసు ఉద్యోగానికి ఒళ్లు చాలదు, సర్టిఫికెట్‌కు గాయం చాలదు. రెంటికీ చెడ్డ రేవడి అని మా అమ్మ అంటుండేది, ఆ మాటకు అర్థం నాకు అన్నను చూశాకే తెలిసింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. శాతాలు పెట్టొద్దని నేననను. ఏదో ఒక గీత గీయక తప్పదు. కానీ ప్రమాదంలో కాలు విరిగినవాడికీ, రాజ్యం మీద కోపంతో ఎవరో పెట్టిన బాంబుకు దొరికినవాడికీ ఒకే కొలబద్ద ఎలా సరిపోతుంది? ఒంట్లో మిగిలిన ఇనుముకు శాతం ఎంత? నాలుగేళ్ల క్రితం నడుం నొప్పికి ఎమ్మారై తీయిద్దామని వెళ్తే, ఒంట్లో లోహం ఏమైనా ఉందా అని అడిగి, ఎక్స్‌రే చూసి వెనక్కి పంపేశారు. ఇలాంటివి ఏ ఫారంలోనూ కాలమ్ లేని నష్టాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పేలుళ్లయిన వారంలో మా గదికి రెండు గదుల అవతల ఉండే నిజామాబాద్ కుర్రాణ్ణి ఓనర్ ఖాళీ చేయించాడు. ముస్లిం కావడం తప్ప ఏ కారణమూ లేదు. ఆ రాత్రి రక్తం ఇవ్వడానికి నాతో లైన్లో నిలబడ్డవాడు అతను. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు ఎంతోమంది పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకెళ్లారు, తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ సంగతి తెలిసి కూడా ఆ రోజు ఓనర్‌తో ఎవరం గట్టిగా మాట్లాడలేదు.

దిల్‌సుఖ్‌నగర్ తేరుకుంది. ఆ ఏడాదే ప్రజా భద్రత చట్టం తెచ్చి, జనం గుమికూడే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేశారు. 2018 నుంచి ఆ రోడ్డు మీదుగా మెట్రో పోతోంది. మిర్చి బజ్జీ దగ్గర మళ్లీ అదే జనం. కేసును జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) దర్యాప్తు చేసింది, ఇండియన్ ముజాహిదీన్ ఉగ్రవాద సంస్థ నాయకుడు యాసీన్ భత్కల్‌తో సహా ఐదుగురికి 2016 డిసెంబరు 19న చర్లపల్లి జైల్లోని ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు దాన్ని సమర్థించింది. కష్టపడి చేసిన దర్యాప్తు అది, కాదనను.

తీర్పు రోజు సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను. ఇప్పుడు మా జిల్లా కేంద్రంలో కలెక్టరేట్ దగ్గర జిరాక్స్ షాపు నడుపుతున్నాడు. “మళ్ల సుప్రీంకోర్టుకు పోతరా వాళ్లు?” అని అడిగాడు. పోతారన్నాను. “ఆ తీర్పు కాయితాలల్ల మా పేర్లుంటయా తమ్మీ, దెబ్బలు తాకినోళ్లవి?” అన్నాడు. ఎందుకని అడిగితే, ఎక్కడికి వెళ్లినా నువ్వు ఆ పేలుళ్లలోనే గాయపడ్డావని రుజువేంటి అంటున్నారట. గాయాల వివరాలతో హాస్పిటల్ ఇచ్చిన ఊండ్ సర్టిఫికెట్ మడతల దగ్గర చిరిగి, తేదీ చెరిగిపోయింది.

ఆ ఆదివారం షాపులో కూర్చుని ఇద్దరం ఫైలు తయారుచేశాం. ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, పాత ఎక్స్‌రే, వినికిడి పరీక్ష చేయించి తెచ్చిన కొత్త ఆడియోగ్రామ్. బాధితుల పరిహార పథకం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ రాశాం. ఇంత ఆలస్యంగా తీసుకుంటారో లేదో చూడాలి. సదరం క్యాంపుకు మళ్లీ స్లాట్ బుక్ చేశాం. దిల్‌సుఖ్‌నగర్‌లోనో గోకుల్ చాట్‌లోనో గాయపడినవాళ్లు గానీ, వాళ్లింట్లోవాళ్లు గానీ ఇది చదివితే, మీ ఊండ్ సర్టిఫికెట్ ఇవాళే స్కాన్ చేసి పెట్టుకోండి. అర్జీ నమూనా కావాలంటే కింద అడగండి, పంపిస్తాను.