ఇప్పపూత చూడ్డానికి వెళ్లేవాళ్లకి

ఉత్తరాంధ్రలో శృంగవరపుకోట, తాటిపూడి వైపు కొండల్లో పూత చూడాలనుకుంటే నెల ముందే తేదీ ఖాయం చేసుకోకండి. అన్ని చెట్లూ ఒకేసారి పూయవు. అడవి మామిడి, సారపప్పు చెట్టు ముందుగా పూస్తాయి. ఇప్ప మార్చి, ఏప్రిల్‌లో. నేరేడు పూత ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఒక్క ట్రిప్పులో అన్నీ కావాలంటే కుదరదు. ఉగాదికి అటూ ఇటూ రోజులు ఇప్పకి వదిలేయండి.

ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుని తెల్లారుజామున రాలుతుంది. ఎండెక్కాక వెళ్తే బుట్టల్లోకి ఎత్తేసుంటారు, నేల చూసుకుని రావాల్సిందే. ఆకులు రాలిన కొమ్మ చివర గోధుమరంగు నూగుతో మొగ్గల గుత్తి కిందికి వేలాడుతూ ఉంటుంది. రాలేది లేతపసుపు గుల్ల, ద్రాక్షపండంత, నొక్కితే తియ్యటి జిగురు. గుత్తిలో సన్నటి పుల్ల మాత్రం మిగిలిపోతుంది. కాయ కట్టేది అక్కడే.

చీకట్లో ఒంటరిగా మాత్రం వద్దు. ఎలుగుబంటికీ ఇదే తిండి, ఇదే వేళ. ఊళ్లో ఎవరినైనా అడిగి వెంటబెట్టుకెళ్లండి. చెట్టు కింద ఊడ్చి ఉందంటే ఆ పువ్వు ఎవరిదో జీవనం, తొక్కకండి, ఏరకండి.

నేరేడుకి పైకి చూసి లాభం లేదు. తేనెటీగల రొద వినండి, కింద తెల్లదారాల్లాంటి కేసరాలు రాలి ఉంటాయి. ముందురోజు గాలివాన పడితే ప్రయాణం వాయిదా వేయండి, పూత నల్లబడి రాలిపోతుంది. మనిషికి 2 లీటర్ల నీళ్లు, చెప్పులు కాదు బూట్లు.