మందు ధర కూడా బాధ్యతే

విశాఖపట్నానికి దక్షిణంగా పరవాడ, అచ్యుతాపురం, ఆపైన నక్కపల్లి వరకు మందుల కర్మాగారాలు విస్తరించి ఉన్నాయి. అక్కడ తయారయ్యే ముడి మందులు, వాడుకలో బల్క్ డ్రగ్స్ అనేవి, మనం పేరైనా వినని ఊళ్లలోని రోగులకు మాత్రలై చేరుతుంటాయి. కాబట్టి ప్రపంచంలో అందరికీ వైద్యం అందాలన్న మాట మనకు పరాయి మాట కాదు; ఈ చుట్టుపక్కల ఎందరికో అది రోజువారీ షిఫ్టు ఉద్యోగం. అయితే మందుల కంపెనీల సామాజిక బాధ్యత ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా అందరి చూపూ సీఎస్ఆర్ మీదికే, అంటే ఆ బాధ్యత పేరిట చట్టప్రకారం పెట్టే ఖర్చు మీదికే పోతుంది. నేను మాత్రం ముందుగా మందుకు ధర కట్టే చోటునూ, లైసెన్సు షరతులనూ, కర్మాగారం నుంచి మురుగునీరు బయటికి పోయే గొట్టాన్నీ చూడాలంటాను.

2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని ఈ పద్దు కింద చూపరాదని నిబంధన. నిబంధన సబబైనదే, కానీ దాని పర్యవసానం చూడండి: కంపెనీ తన మందును పేదలకు అందే ధరకు అమ్మితే అది సీఎస్ఆర్ లెక్కలోకి రాదు, బడి ఆవరణలో ఒక పూట వైద్య శిబిరం పెడితే వస్తుంది.

అలాంటి శిబిరానికి ఒకసారి మా పిన్నిని తీసుకువెళ్లాను. గేటు దగ్గర ఫ్లెక్సీ, లోపల షామియానా, బల్లల మీద బీపీ మిషన్లు, వచ్చినవారికి మజ్జిగ ప్యాకెట్లు. ఏర్పాట్లకు వంక పెట్టడానికి లేదు. పిన్నికి షుగర్ ఉన్నట్టు అక్కడే మొదటిసారి బయటపడింది. పదిహేను రోజులకు సరిపడా మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పులు చేతిలో పెట్టారు. "మరి ఆ తర్వాత ఎక్కడ తీసుకోవాలి బాబూ?" అని ఆవిడ అడిగితే, "మీ వీధిలో మెడికల్ షాపు ఉంటుంది కదమ్మా" అన్నాడు కుర్ర డాక్టరు. ఉచితంగా మందులిచ్చే పట్టణ ఆరోగ్య కేంద్రం మాకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది; దాని పేరు ఆ చీటీ మీద ఎవరూ రాయలేదు. జీవితాంతం వాడవలసిన మందును పక్షం రోజులకిచ్చి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయే సేవకు నేను పెద్దగా మార్కులు వేయలేను.

దీని పక్కన 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా చేసిన పనిని పెట్టి చూడాలి. అప్పటికి ఎయిడ్స్‌కు మూడు మందుల చికిత్స సంపన్న దేశాల్లో రోగికి ఏడాదికి 10,000 డాలర్లు దాటేది. ఆఫ్రికాలో ఆ ధర పెట్టగలవారు ఎందరుంటారు? యూసుఫ్ హమీద్ నాయకత్వంలోని సిప్లా అవే మందులను, సరిహద్దుల్లేని వైద్యుల సంస్థకు, ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. మన 1970 నాటి పేటెంట్ల చట్టం మందు పదార్థానికి కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చేది; అదే మందును మరో పద్ధతిలో ఎవరైనా తయారు చేయగలిగేవారు కనుకనే అది సాధ్యమైంది. సిప్లా ఆ మందులను అమ్మింది, దానం చేయలేదు. లక్షల మందిని బతికించిన మార్పుకు దారి వేసింది చట్టమూ, ధరా కలిసి.

ఇప్పుడు అదే కథ మరో రూపంలో నడుస్తోంది. హెచ్ఐవీ సోకకుండా ఏడాదికి రెండే ఇంజెక్షన్లతో కాపాడే లెనకాపవిర్‌ను గిలియడ్ అనే కంపెనీ అమెరికాలో ఏడాదికి 28,000 డాలర్లకు పైగా ధర పెట్టి అమ్ముతోంది. అదే మందును జెనెరిక్‌గా, అంటే చౌక రూపంలో తయారు చేసుకునేందుకు 2024లో ఆరు వేరే కంపెనీలకు లైసెన్సులిచ్చింది. వాటిలో డాక్టర్ రెడ్డీస్, హెటిరో మన తెలుగు నేల మీద పుట్టినవే. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్ల ధరకు అందిస్తామని ఆ రెండు కంపెనీల తరఫునా 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. వినడానికి సంతోషంగానే ఉంది. అయితే లైసెన్సు వర్తించేది 120 దేశాలకే. ఈ మందు పరీక్షల్లో పాల్గొన్న బ్రెజిల్ ఆ జాబితాలో లేదు. పరీక్షలకు పనికొచ్చిన దేశం చౌక ధరకు ఎందుకు పనికిరాలేదో, ఆ ప్రశ్నకు ఏ సీఎస్ఆర్ పుస్తకంలోనూ జవాబు దొరకదు.

దానాలన్నీ దండగని నా వాదన కాదు. ఈగల కాటుతో సోకి చూపు పోగొట్టే నదీ అంధత్వానికి ఐవర్‌మెక్టిన్‌ను అవసరమైనంత కాలం, అవసరమైనంత మేర ఉచితంగా ఇస్తామని 1987లో మెర్క్ అనే మందుల కంపెనీ మాట ఇచ్చి ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది. పదిహేను రోజుల స్ట్రిప్పుకూ దీనికీ పోలికే లేదు.

చౌక ధరకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్నది ఇక్కడివాళ్లు అడగక తప్పని ప్రశ్న. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలే చోట, లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో పరిశోధకులు ప్రచురించారు. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగితే, రేపు ఏ దేశంలోనైనా ఆ మాత్ర పనిచేయదు. ఇక అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. భోజనాల వేళ జరిగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకెంతమందో అని ఆ రోజుల్లో ఇక్కడ చాలామంది అనుకున్నారు. ఎక్కడో ఒక రోగికి మందు అందించడం కోసం ఇక్కడి కార్మికుడి ప్రాణం మీదికి రావలసిన అవసరం లేదు. భద్రతకయ్యే ఖర్చును కూడా కలుపుకుని కట్టిన ధరే సరైన ధర.

నాకు ఒక మందుల కంపెనీలో కొద్దిపాటి షేర్లున్నాయి. ఇప్పుడు వార్షిక సమావేశాలు వీడియోలోనే జరుగుతున్నందున, ముందుగా స్పీకరుగా పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. ఎక్కువమంది డివిడెండు గురించో, బోనసు షేర్ల గురించో అడుగుతారు. ఈసారి నేను మూడు సంగతులు అడగదలచాను: మన ముఖ్యమైన మందులను ఎన్ని పేద దేశాల్లో రిజిస్టరు చేయించారు, అక్కడి ధర ఎంత, మన కర్మాగారం వదిలే నీటిలో యాంటీబయాటిక్ ఎంత ఉందో ఏటా ప్రకటిస్తారా?