హార్స్‌లీ కొండ దిగుతుంటే కాలి కింద పెడల్

తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్‌కు పోయొచ్చాం. కొండ మీద చల్లగాలి ఎప్పుడూ ఉండేదే, గది అద్దె మాత్రం ముందెన్నడూ లేనంత. నేను రాయాలనుకున్నది ఆ దారి గురించి, దారికి ముందు మా స్విఫ్ట్‌కు చేయించిన పని గురించి.

మలుపుల రోడ్డు మీద కారు నడపడమంటే నాకు ప్రాణం. చంద్రగిరి, రంగంపేట దాటాక ఎర్రచందనం అడవిలోకి రోడ్డు వంపు తిరిగిందంటే చాలు, నిద్రమత్తు వదిలిపోతుంది. అయితే పోయిన వానాకాలం ఇదే కారులో హార్స్‌లీ కొండ దిగుతుంటే సగం దారిలో బ్రేకు పెడల్ మెత్తబడింది. మామూలు కంటే లోతుకు పోతే తప్ప బండి ఆగలేదు. పక్కన మా ఆవిడ మాట్లాడడం మానేసి తలుపు పిడి పట్టుకుంది. మళ్లీ ఆ కొండకు పోవాలంటే ముందు దీని సంగతి తేల్చాలనుకున్నాను.

తిరుపతిలో ఒక షాపువాళ్లు నలభై వేలకు పెద్ద బ్రేకు డిస్కులు అంటగట్టబోయారు. వద్దంటే డిస్కును బిగించి పట్టే క్యాలిపర్‌కు ఎర్ర రంగు కవర్లయినా వేయించుకోమన్నారు. అది ఒట్టి సోకు, పైగా వేడి బయటికి పోకుండా అడ్డం. ప్రాణాలతో ముడిపడ్డ భాగానికి అలంకారం అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రేణిగుంట రోడ్డులో రేకుల షెడ్డు కింద పనిచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. బానెట్ ఎత్తకముందే ఒక ప్రశ్న వేశాడు.

"ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఏబీఎస్ కొట్టుకుంటా ఉండాదా సార్?"

"కొట్టుకుంటుందన్నా."

"అట్లయితే బ్రేకులో బలం ఉండాది. పట్టు లేంది టైర్లో. పెద్ద డిస్కు ఏసినా ఆ టైరు జారేదే గదా."

నిజమే. చక్రం జారబోతోందని తెలిస్తేనే, బ్రేకును పట్టి పట్టి వదిలే ఏబీఎస్ పనిచేస్తుంది. అంటే అప్పటికే టైరు మోయగలిగినంత బలం బ్రేకు పెట్టేసిందన్నమాట. ఆయన టైరు పక్కన వంగి, గుడ్డతో మట్టి తుడిచి, టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివరి నాలుగు అంకెలు చూపించాడు: 2217. అంటే 2017లో ఇరవై రెండో వారం తయారీ. గాడి లోతు చట్టం అడిగే 1.6 మిల్లీమీటర్ల కంటే ఇంకా చాలానే ఉంది. కానీ రబ్బరు మీద గోరు గుచ్చితే గుర్తు పడలేదు. గాడి ఉన్నా రబ్బరు గట్టిపడిపోతే తడి రోడ్డు మీద పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

మరి పెడల్ ఎందుకు మెత్తబడింది? దానికి కారణం బ్రేకు ఆయిల్ అన్నాడు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. కొండ దిగేటప్పుడు పుట్టే వేడికి అది మరిగి లోపల ఆవిరి బుడగలు కడుతుంది. ఆయిల్‌ను నొక్కలేం గానీ ఆవిరిని నొక్కగలం. కాబట్టి కాలి బలమంతా బుడగలకే పోతుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే మాత్రం డిస్కును ఒరుసుకుని ఆపే ప్యాడ్లు కాగిపోయినట్టు. ఈ రెండింటి తేడా ఘాట్‌లో నడిపే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

షెడ్డులోని కుర్రాడు డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. పెద్దాయన వెనక ఎడమ చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్‌కు సన్నటి పారదర్శక పైపు తగిలించి, రెండో కొసను సీసాలో ముంచాడు. "తొక్కు... పట్టుకో... వదులు." ప్రతి తొక్కుకూ డికాషన్ రంగు ఆయిల్ పైపులో కదిలింది, మధ్యలో చిన్న చిన్న బుడగలు. రంగు తేలికపడి తేటగా వచ్చేదాకా వదల్లేదు. తర్వాత మిగతా మూడు చక్రాలు. రెండేళ్లకోసారి మార్పించుకోమన్నాడు.

ముందు చక్రాలకు ప్యాడ్లు కొత్తవి వేశాడు. టైర్లు 185/65 ఆర్15 సైజు స్థానంలో కాస్త వెడల్పైన 195/60 ఆర్15 తీసుకున్నాం. అదే రిమ్ముకు సరిపోతాయి, చక్రం వ్యాసం ఒక శాతమే తగ్గుతుంది గనక స్పీడోమీటర్ లెక్క పెద్దగా మారదు. ఒక్కోటి ఆరు వేల పైచిలుకు. బేరమాడితే అలైన్‌మెంట్ ఉచితమన్నారు. గాలి మాత్రం నలభై కొట్టి పంపారు! డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెకు, తెల్లవారి టైర్లు చల్లగా ఉన్నప్పుడు నేనే తగ్గించుకున్నాను. ఖాళీ రోడ్డు చూసుకుని అరవై నుంచి పదిహేనుకు, పూర్తిగా ఆపకుండా, వరసగా బ్రేకులు వేసి, తర్వాత తొక్కకుండా చల్లారనిచ్చాను. ప్యాడ్ పదార్థం డిస్కుకు సమంగా పట్టాలంటే ఇది చేయాల్సిందే.

ఇక భాకరాపేట ఘాట్. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్నవాళ్ల బస్సు ఇక్కడే లోయలో పడింది. అందుకే నా సరదాకు ఒక హద్దు పెట్టుకున్నాను: కనిపించినంత రోడ్డులో ఆగగలిగే వేగం, అంతే. ఆ హద్దులోనే ఎంత ఆనందం! మలుపుకు ముందే బ్రేకు ముగించి, స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు చెప్పిన చోటికి వెళ్లాయి. పాత టైర్ల కీచు లేదు, జారుడు లేదు.

పీలేరు, మదనపల్లె, సంగటి, కొండ మీద రాత్రి ఎట్లా గడిచాయో గుర్తులేదు.

మర్నాడు సన్నటి జల్లులో కొండ దిగుతున్నాం. ఒక మలుపు పక్కన పెద్ద కారు ఆగి ఉంది, ముందు చక్రాల నుంచి పొగ, కాలిన వాసన. పన్నెండేళ్ల పిల్లవాడు నీళ్ల సీసా మూత తీస్తున్నాడు.

"పోయొద్దు నాయనా!" అని దిగి పరిగెత్తాను. కాగిన ఇనప డిస్కు మీద చన్నీళ్లు పడితే పగుళ్లివ్వొచ్చు, వంకరపోవచ్చు. వాళ్లది కదిరి. తండ్రి చేతులు వణుకుతున్నాయి.

"ఆటోమేటిక్ గదా అన్నా, గేర్లు మనమేం మార్చేది అనుకున్న్యా. కాలు తీయకుండా తొక్కుతానే వచ్చినా."

లీవర్‌ను మాన్యువల్‌కు జరిపి రెండో గేరులో ఎట్లా పట్టుకోవాలో చూపించాను. బండిని ఇంజన్ పట్టి ఉంచాలి, బ్రేకు మలుపు ముందు ఒక్కసారి గట్టిగా వేసి వదిలేయాలి. పొగ తగ్గి, పెడల్ మళ్లీ పైకి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. వాళ్లావిడ వేయించిన శనక్కాయలు పెట్టింది. పిల్లవాడు మా టైరు మీది అంకెలు చదివి, పోయి వాళ్లవి చదివొచ్చాడు.

ఆయన్ను ముందు పొమ్మని, వెనకే నెమ్మదిగా దిగాం. కింద కదిరి రోడ్డు దగ్గర కారాపి, బ్రేకు ఆయిల్‌కు ఎంతైందని అడిగాడు. సీసా ధర, కూలీ కలిపి చెప్పాను.

"రాత్రి గది అద్దెలో సగం గూడా కాలేదే!" అన్నాడు. కదిరికి పోయిన వెంటనే మార్పిస్తానని మాటిచ్చాడు. ఆయిల్ డాట్ 4 అనీ, మూత తీయని కొత్త సీసానే వాడమనీ ఆయన ఫోన్లో నేనే టైపు చేసి పెట్టాను.