వెలిగమలో సర్ఫింగ్: ఆరు ఉదయాలు చాలు

శ్రీలంక దక్షిణ తీరంలో గాలే, మాతర మధ్య ఉన్న చిన్న ఊరు వెలిగమ. సింహళంలో వెలి అంటే ఇసుక, గమ అంటే గ్రామం. ఊరి గుణం పేరులోనే ఉంది. ఇక్కడ సముద్రం అడుగంతా ఇసుకే, లోతు కూడా మెల్లమెల్లగా పెరుగుతుంది. అందుకే అల ఒక్కసారిగా కూలిపడదు. దూరాన తల విరిగి, నురగై, ఒడ్డుదాకా దొర్లుకుంటూ వస్తుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఒడ్డు నిటారుగా దిగిపోతుంది కాబట్టి అల కాళ్ల దగ్గరే పడి, వెనక్కి లాగేస్తుంది. వెలిగమలో నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక్క పొద్దున యాభై అలలు ప్రయత్నించవచ్చు. మొదటిసారి బోర్డు ఎక్కేవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఈ ఊరే. ఈత మాత్రం వచ్చి ఉండాలి, అందులో రాజీ లేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది గాలి చెబుతుంది. నవంబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు ఈశాన్యపు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఎదురుగాలి తగిలిన అల నిలబడి, శుభ్రంగా విరుగుతుంది. అల మాత్రం ఇక్కడ పుట్టింది కాదు. ఎక్కడో దక్షిణ మహాసముద్రపు తుఫానుల్లో పుట్టి, వేల కిలోమీటర్లు ప్రయాణించి వస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు నేరుగా ఈ తీరాన్ని కొడతాయి, సముద్రం కలగాపులగం అవుతుంది. ఆ నెలల్లో సర్ఫర్లు తూర్పు తీరంలోని అరుగం బేకి వెళ్లిపోతారు. మన వేసవి సెలవులు మొదలయ్యేసరికి వెలిగమ సీజన్ అయిపోతుంది. సంక్రాంతి సెలవులైతే సరిగ్గా కుదురుతాయి.

కొలంబో విమానాశ్రయం నగరంలో లేదు, ఉత్తరాన కటునాయకలో ఉంది. అక్కడి నుంచి కారులో ఎక్స్‌ప్రెస్‌వే మీద వస్తే కొక్మదువ దగ్గర దిగాలి. తొందర లేకపోతే కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో మాతర వైపు రైలు ఎక్కండి, సుమారు మూడు గంటలు. వెలిగమలో రైలు ఆగుతుందో లేదో ఎక్కేముందే కనుక్కోండి. సముద్రం కుడివైపు ఉంటుంది. గాలేలో ఇంజను మారి రైలు వెనక్కి తిరుగుతుంది కాబట్టి అక్కడి నుంచి సముద్రం మీకు రెండోవైపుకి పోతుంది. మధ్యలో పౌర్ణమి వస్తుందేమో చూసుకోండి. ఆ రోజును పోయ అంటారు. దేశమంతా సెలవు, రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, మద్యం అమ్మరు. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి, టికెట్ కొనేముందే శ్రీలంక ప్రభుత్వ ఇ.టి.ఎ. సైటు చూడండి.

గది సముద్రానికి ఎదురుగా దొరికిందని సంబరపడకండి. మాతర రోడ్డు బీచ్‌ను ఆనుకునే పోతుంది, బస్సుల హారన్లు తెల్లవారకముందే మొదలవుతాయి. లోపలి సందుల్లో, నడిచి పది నిమిషాల దూరంలో తీసుకోండి. నిద్ర బాగుంటేనే మర్నాడు భుజాలు పనిచేస్తాయి.

ఇక బోర్డు. బీచ్ పొడవునా అద్దెకిచ్చే గుడిసెలు ఉంటాయి. ఎనిమిది అడుగులకు తగ్గని ఫోమ్ బోర్డు అడగండి. డెబ్బై కిలోలు దాటితే తొమ్మిది అడుగులది తీసుకోండి. పొట్టి బోర్డు చూడటానికి బాగుంటుంది, కానీ నీళ్లలో మునుగుతూ అలను అందుకోదు. డబ్బు ఇచ్చేముందు నాలుగు చూడాలి: కిందున్న రెక్కల్లాంటి ఫిన్లు కదులుతున్నాయా, కాలికి కట్టే లీష్ పట్టీ గట్టిగా అతుక్కుంటోందా, తాడు ఎక్కడైనా నలిగి ఉందా, ఎత్తితే అదే సైజు పక్క బోర్డుకంటే బరువుగా ఉందా. బరువుగా ఉంటే లోపలికి నీళ్లు దిగాయన్నమాట, వద్దనండి. పాత గీతలు, సొట్టలు ఉంటే యజమాని ముందే ఫోటో తీయండి.

వెనక ఉండే కాలికి లీష్ కట్టాలి. ఏది వెనకకాలో తెలియకపోతే, నిటారుగా నిలబడి వెనక నుంచి ఎవరినైనా మెల్లగా తోయమనండి. ముందుకు పడే కాలు ముందుకాలు, రెండోది వెనకకాలు. తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు, అల లాగితే వేళ్లు నలుగుతాయి.

నేర్చుకోవడంలో ముప్పాతిక భాగం బోర్డు మీద ఎక్కడ పడుకున్నారన్నదే. కాలివేళ్లు బోర్డు తోక, అంటే వెనక కొస, అంచుకు దగ్గరగా ఉంచి, నడుము మధ్యగీత మీదకు తెచ్చుకుని పడుకోండి. బోర్డు ముక్కు, అంటే ముందు కొస, నీటికి రెండు మూడు అంగుళాలు పైకి ఉండాలి. ముక్కు నీళ్లలోకి పొడుచుకుపోతుంటే మీరు ముందుకు జరిగిపోయారు. ముక్కు ఆకాశం చూస్తూ, అల కింద నుంచి జారిపోతుంటే వెనక్కి ఉన్నారు. నాలుగు వేళ్ల వెడల్పు అటూ ఇటూ జరిగితే చాలు, తేడా తెలుస్తుంది. సరైన చోటు దొరికాక మీ గడ్డం బోర్డు మీద ఏ గుర్తు దగ్గరకు వచ్చిందో చూసిపెట్టుకోండి, ప్రతిసారీ గడ్డం అక్కడికే రావాలి.

నురగ అల నాలుగైదు బారల దూరంలో ఉండగానే చేతులు వేయడం మొదలుపెట్టండి. అల తోకను పైకెత్తినట్టు తెలుస్తుంది. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు, అల వదిలేసి వెళ్లిపోతుంది. ఎత్తినట్టు అనిపించాక ఇంకో రెండుసార్లు చేతులు వేయాలి. అప్పుడు అరచేతులు పక్కటెముకల పక్కన, బోర్డు మీద ఆనించి ఛాతీ ఎత్తండి. అంచులు పట్టుకుంటే బోర్డు ఊగి బోల్తా పడుతుంది. మోకాళ్ల మీద ఆగకుండా ముందుకాలు రెండు చేతుల మధ్యకు తెచ్చి లేవండి. మోకాళ్లు వంచి, చూపు ఒడ్డు మీద పెట్టండి. పాదాలకేసి చూస్తే తల బరువుకు శరీరం అటే వాలుతుంది. గది నేల మీద రోజూ రాత్రి ముప్పై సార్లు లేవడం సాధన చేస్తే, నీళ్లలో ఆలోచించే పని ఉండదు.

పడేటప్పుడు తల ముందుకు దూకొద్దు. పక్కకో వెనక్కో బల్లపరుపుగా పడి, రెండు చేతులతో తల కప్పుకుని పైకి రండి. నడిచి వెళ్లేటప్పుడు బోర్డు మీ పక్కన ఉండాలి, మీకూ అలకూ మధ్య ఎప్పుడూ ఉండకూడదు. ఉంటే అది నేరుగా మూతికి తగులుతుంది. వెలిగమలో అల కంటే పెద్ద ప్రమాదం పక్కవాళ్ల బోర్డులే. పది గంటలకు బీచ్ నిండిపోతుంది. అందుకే ఉదయం ఆరున్నరకల్లా నీళ్లలో ఉండండి. అప్పుడు గాలి తక్కువ, జనం తక్కువ, ఎండ లేదు. మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి గాలి మళ్లి అలల్ని చెడగొడుతుంది. మొదటి రోజుల్లో రోజుకు రెండు గంటలు చాలు. భుజాలు అలిసిపోయాక చేసే సాధనంతా తప్పుడు అలవాట్లే నేర్పుతుంది.

ఫోమ్ రాపిడికి పొట్ట, మోకాళ్లు ఎర్రగా ఒరుసుకుపోతాయి. పొడుగు చేతుల బిగుతు లైక్రా చొక్కా ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఎండకు ముఖానికి తెల్లగా పూసుకునే జింక్ క్రీము అయితే నీళ్లలో బాగా నిలుస్తుంది.

బయటికొచ్చాక ఆకలి దంచేస్తుంది. ఇడియాప్పం, పప్పు, కొబ్బరి సంబోల్ పొద్దున్నే దొరుకుతాయి. శాకాహారులు సంబోల్ విషయంలో జాగ్రత్త, చాలాచోట్ల ఎండు చేప పొడి కలుపుతారు. ఆ చేపను ఉంబలకడ అంటారు, అది వద్దని ముందే చెప్పాలి. మట్టి ముంతలో గడ్డగా తోడుకున్న గేదె పెరుగు మీద కితుల్ పాకం పోసుకుని తినడం మాత్రం మరవకండి. కితుల్ అంటే మన ఏజెన్సీలో కల్లు గీసే జీలుగు చెట్టే. పొగ వాసన కలిసిన ఆ తీపి బెల్లానికీ రాదు, తేనెకీ రాదు.

2004 డిసెంబరు 26న సునామీ ఈ ఊరినీ ముంచింది. ఇప్పుడు హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరికలు పంపే కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో ఉంది. అయినా భూమి కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా, ఫోను కోసం చూడకుండా ఎత్తైన చోటికి నడవాలి. బస చేసిన రోజే ఆ దారి ఒకసారి చూసుకోండి.

నాలుగో రోజుకల్లా మిడిగమ వెళ్దామని ఎవరో ఒకరు అంటారు. పడమరగా ఆరేడు కిలోమీటర్లు, అందమైన అలలు, కానీ అక్కడ అడుగున రాతి దిబ్బలు, సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు). నురగలో కాకుండా, ఇంకా విరగని పచ్చి అలను మీ అంతట మీరే అందుకుని పక్కకు మళ్లగలిగితేనే వెళ్లండి. అదీ ముందు అక్కడి లేజీ లెఫ్ట్ అనే చోటికి. పోటు ఉన్నప్పుడు, మనిషిని తోడు పెట్టుకుని వెళ్లండి. అల విరిగే చోటుకి దగ్గరగా ఉన్నవాళ్లదే ఆ అల, వాళ్ల ముందు లేవకూడదు. రామ్స్ అనే చోట నీళ్ల లోతు చాలా తక్కువ, అక్కడ ఒడ్డున కూర్చుని చూడండి. రాయి గీసుకుంటే చిన్న గీతే కదా అని వదిలేయకుండా, మంచినీళ్లతో బాగా కడిగి, ఇసుక రేణువు లేకుండా చేసి మందు రాయండి. ఉక్క వాతావరణంలో అవి రెండు రోజుల్లో చీము పడతాయి, మిగిలిన ఉదయాలు ఒడ్డు మీదే గడిచిపోతాయి.