గాజుల కింద మచ్చలు

మొదట మణికట్టు దగ్గర వచ్చాయి. గాజులు ఒరుసుకునే చోట, వరుసగా, నేరేడుపండు రంగులో, పైన చదునుగా, వెలుతుర్లో పెడితే కాస్త మెరుస్తూ. మామూలు దురద కాదు. గోకితే కొన్నాళ్లకు ఆ గోటిగీత వెంబడే కొత్తవి లేచేవి. తామర అనుకుని మెడికల్ షాపువాడిచ్చిన ట్యూబులు మూడు పూశాను. 2022 వేసవి అది.

తర్వాత నోరు. కొత్తావకాయ ముద్ద పెట్టుకోగానే బుగ్గ లోపల నిప్పుకణిక పెట్టినట్టయింది. నరసరావుపేట దగ్గర పుట్టినదాన్ని, కారం తినలేకపోవడమంటే మా ఇళ్లలో పెద్ద జబ్బు కిందే లెక్క. అందరూ "వేడి చేసింది" అన్నారు. సబ్జా నీళ్లు, మజ్జిగ, బీకాంప్లెక్స్ బిళ్లలు, ఆరు నెలలు పెరుగన్నం.

చివరికి ఒక చర్మం డాక్టరమ్మ, మా అమ్మాయి వయసుంటుందేమో, నోట్లో టార్చి వేసి చూసి, అద్దం నా చేతికిచ్చి మీరే చూసుకోండి అంది. బుగ్గ లోపల తెల్లటి సన్నగీతలు, లేసు అల్లినట్టు. లైకెన్ ప్లానస్ అంది. ఒంటిని కాపాడాల్సిన కణాలే మన చర్మం మీదికి తిరగబడతాయట. చాలామందిలో ఎందుకో తెలియదు, కొందరిలో మాత్రం వెనకాల లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ దాక్కుని ఉంటుంది, ఒక్క రక్తపరీక్ష చేయిద్దాం ఆంటీ అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

ముక్క పరీక్షా అవీ సరే. రక్తం రిపోర్టు రాత్రి తొమ్మిదింటికి ఫోన్లోకి వచ్చింది. రియాక్టివ్. అంటే పాజిటివ్ అన్నమాట. మా ఆయన నిద్రపోయాక బాత్రూంలో లైటు వేసుకుని నా బ్రష్షు అందరి డబ్బాలోంచి తీసేశాను. అప్పుడు కనపడింది నెయిల్ కట్టర్. ఇంటికంతా ఒకటే. రక్తంతో అంటుతుందని అప్పటికే ఫోన్లో చదివేశానుగా, ఆ కట్టర్ పట్టుకుని ఎవరెవరు వాడారో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మా ఆయన, అబ్బాయి, పురిటికొచ్చిన అమ్మాయి... ఆఖరికి మనవడు. పదిహేను రోజుల పిల్లాడికి ముందురోజే నేనే గోళ్లు తీశాను, చిటికెన వేలి దగ్గర చుక్కంత రక్తం కూడా వచ్చింది. గదిలో వాడు ఏడ్చినప్పుడల్లా గుండె ఆగినంత పనయ్యేది. తెల్లారేదాకా అక్కడే, తడినేల మీద కూర్చున్నాను.

పసివాడితో సహా ఎవరికీ లేదని తేలేసరికి పది రోజులు పట్టింది.

ఈలోగా లివర్ డాక్టరు దగ్గరికి వెళ్తే, పెద్దాయన, తల కూడా ఎత్తకుండా "ఎక్కడ తెచ్చుకున్నారమ్మా ఇది?" అన్నాడు. పక్కన మా అల్లుడు. తెచ్చుకోవడమేంటి, సంతకెళ్లి కొన్నానా? 1994లో రెండో కాన్పుకి రక్తం పోతే రెండు సీసాలు ఎక్కించారు. ఆ వైరస్‌ని కనిపెట్టిందే 1989లో, మన దగ్గర దానం చేసిన రక్తానికి ఆ పరీక్ష తప్పనిసరి అయింది 2000 దాటాకే. ఇదంతా ఆ రోజు చెప్పలేకపోయాను, నోరు పెగల్లేదు. పోనీ, మందు రాసిందీ ఆయనే, వైరస్ పోయిందీ ఆ మందుతోనే. అయినా కోపం పోలేదు.

రోజుకో బిళ్ల, 12 వారాలు. ఆపిన 12 వారాలకు మళ్లీ చూస్తే వైరస్ లేదు. ఈ మందు 2018 నుంచి ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తున్నారని డబ్బులన్నీ కట్టాక తెలిసింది.

మా తోడికోడలు నాకు వేరే గ్లాసు పెట్టింది. కంచంతో, గ్లాసుతో అంటదని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పినా సరే. దాని సంగతి వదిలేయండి. మా ఆయన చొక్కా ఉతకబోతే జేబులో ల్యాబ్ బిల్లు దొరికింది, రిపోర్టు వచ్చిన మర్నాడే నాకు చెప్పకుండా వెళ్లి పరీక్ష చేయించుకున్నారు. చేయించుకోవాల్సిందే, తప్పు కాదు. కానీ చెప్పొచ్చుగా. ఇప్పటికీ అడగలేదు.

పాత రోజుల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లుంటే ఒకసారి ఈ పరీక్ష చేయించుకోండి. హెపటైటిస్ బీకి టీకా వేయించుకున్నాం కదా అనుకోవద్దు, సీకి టీకా లేదు. ఇంకోటి, వైరస్ పోయినా మామూలు పరీక్షలో రియాక్టివ్ అనే వస్తూంటుంది, అందుకే రక్తంలో వైరస్ ఎంతుందో చూపించే వైరల్ లోడ్ కాగితం లామినేషన్ చేయించి బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నాను, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే.

కోటప్పకొండ మెట్లెక్కి మొక్కు తీర్చుకున్నాను. త్రికోటేశ్వరుడు వైరస్‌ని తీసుకెళ్లాడు గానీ చర్మాన్ని పూర్తిగా వదల్లేదు. మణికట్టు మీద దురద పోయి నల్లమచ్చలు మిగిలాయి, గాజులు వాటిమీదే వేసుకుంటున్నాను. ఎడమ బుగ్గలో గీతలు అలాగే ఉన్నాయి. అరుదుగా అది ముదిరి క్యాన్సరయ్యే అవకాశం ఉందని ఆరు నెలలకోసారి రమ్మంటారు.

ఈ ఏడు కొత్తావకాయ కలిపిన రోజు నెయ్యి ఎక్కువేసుకుని, ఎడమవైపు తగలకుండా కుడివైపే నమిలి ఒక ముద్ద తిన్నాను. మంట పుట్టింది. ఇంకో ముద్ద తిన్నాను.