కారు అక్కర్లేని ఊళ్ళో తాతయ్య

అమ్మానాన్న డాలస్ వస్తే రెండో వారానికల్లా నాన్న ముఖం చూసి చెప్పేయొచ్చు, ఆయనకి తోచడం లేదని. చీరాలలో పొద్దున్నే స్కూటర్ తీసి కూరగాయల బజారు, పోస్టాఫీసు, స్నేహితుల ఇళ్ళు చుట్టొచ్చే మనిషి ఇక్కడ ఎవరు కారు తీస్తారా అని ఎదురుచూస్తూ సోఫాలో కూర్చుంటారు. మా పిల్లలకి తెలిసిన తాతయ్య ఆ సోఫాలో తాతయ్యే. మేము చీరాల వెళ్తే వరస తిరగబడుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళు, దోమల క్రీము, వీధి చివర కొట్టుకి వెళ్ళాలన్నా పెద్దవాళ్ళ తోడు. అక్కడ అమ్మమ్మ, తాతయ్యలకి తెలిసిన మనవలు అంత సుకుమారం. ఏళ్ళ తరబడి వీళ్ళు ఒకరినొకరు సగమే చూసుకుంటున్నారని నాకు బాధగా ఉండేది.

అమ్మానాన్న పెళ్ళై యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా మధ్యధరా సముద్రంలో క్రూజ్‌కి వెళ్దామన్నది మా ఆయన ఆలోచన. ఓడ ఎక్కేముందే వెనిస్, ఫ్లారెన్స్, రోమ్ తిరుగుదామన్నది నాది. వాళ్ళు హైదరాబాద్ నుంచి, మేము డాలస్ నుంచి బయల్దేరి, ఎవరికీ సొంతం కాని చోట కలుసుకోవాలి. భాష రాదు, దారి తెలీదు, ఇందులో ఆరుగురం సమానమే. అందుకే ప్లాన్ అంతా ఒక్క లెక్కతో వేశాను. అమ్మ మోకాళ్ళు ఎంత దూరం నడవగలవో అంతే నడక, నాన్న ఎవరినీ అడగకుండా ఒక్కరే తిరగగలిగేలా బస.

మొదటి అడ్డంకి వీసా. మేమిద్దరం, పిల్లలు అమెరికా పాస్‌పోర్టులవాళ్ళం. 90 రోజుల్లోపు ప్రయాణానికి మాకు వీసా అక్కర్లేదు. అమ్మానాన్నలకి షెంగెన్ వీసా, అంటే ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా కావాలి, అదీ మల్టిపుల్ ఎంట్రీ. ఎందుకంటే మా ఓడ మధ్యలో టర్కీలోని కుషాదసిలో ఆగుతుంది. టర్కీ షెంగెన్‌లో లేదు కాబట్టి అక్కడికి వెళ్ళి మళ్ళీ ఇటలీకి వస్తే అది రెండో ప్రవేశం. సింగిల్ ఎంట్రీ వీసాతో అక్కడే ఇరుక్కుపోతారు. టర్కీ వీసా సంగతి వేరే చూసుకోవాలి. పైగా కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. అమ్మానాన్నలతో క్రూజ్ అనుకునేవాళ్ళు టికెట్ కొనకముందే ఓడ ఆగే రేవుల జాబితా పట్టుకుని దేశం దేశం సరిచూసుకోవాలి.

మా పెద్దది, పదమూడేళ్ళ పిల్ల, వీడియో కాల్‌లో తాతయ్య బ్యాంకు కాగితాలు, పెన్షన్ పుస్తకం, ఇంటి పన్ను రసీదు వరసగా పేర్చడం చూసింది. వీసా సెంటర్‌లో అమ్మమ్మ వేలిముద్రలు కూడా ఇచ్చిందని విని, "నన్ను ఎవరూ ఏమీ అడగలేదు కదా, అమ్మమ్మని ఎందుకు అడుగుతున్నారు?" అంది. పాస్‌పోర్టు రంగును బట్టి మనుషుల్ని చూసే తీరు మారుతుందని నేను దానికి చెప్పాల్సి వచ్చింది. అది చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం నుంచి ట్రిప్ కాగితాల పని మొత్తం తనే తీసుకుంది. రోమ్‌లోని కొలోసియం టికెట్లు పేరుమీద ఇస్తారు, లోపలికి వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి ఉచితమే గానీ వాళ్ళకీ బుక్ చేయాలి. మన ఇంటిపేర్లు, పాస్‌పోర్టుల్లో వాటి వరస సంగతి తెలిసిందేగా. అది ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ ఎక్కించింది.

వెనిస్ విమానాశ్రయానికి మార్కో పోలో పేరు పెట్టారు. సామాన్ల బెల్టు దగ్గర ఆ పేరు చూడగానే నాన్న మా చిన్నాడి భుజం మీద చెయ్యి వేసి మొదలుపెట్టారు. 13వ శతాబ్దం చివర్లో ఈ వెనిస్ మనిషి చైనా నుంచి సముద్రం మీద తిరిగొస్తూ మన తీరం గురించి రాసుకున్నాడు. ఆయన చెప్పిన ముట్‌ఫిలి, మా చీరాల పక్కనున్న మోటుపల్లే. న్యాయంగా పాలించిన ఒక రాణిని మెచ్చుకున్నాడు. ఆమే కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారులంటారు. అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత సన్నటి బట్టల గురించీ కూడా రాశాడు. "అంటే ఆయనే ముందు మనూరికి వచ్చాడా?" అన్నాడు చిన్నాడు. నాన్న అక్కడితో ఆగలేదు. తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అప్పటి రాజులు లాగేసుకునేవాళ్ళనీ, రుద్రమ తండ్రి గణపతిదేవుడు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని పరాయి దేశపు వర్తకులకి అభయమిస్తూ మోటుపల్లిలో శాసనం వేయించాడనీ చెప్పారు. ఇదే కథ చీరాలలో చెప్పుంటే పిల్లలు ఫోన్లోంచి తల ఎత్తేవాళ్ళు కాదేమో. సూట్‌కేసులు వచ్చినా వాడు కదల్లేదు.

వెనిస్‌లో ఎవరూ కారులో తిరగరు. ఈ ఒక్క సంగతి మా నాన్నని పూర్తిగా మార్చేసింది. వాపొరెట్టో అంటే అక్కడి నీటి బస్సు, 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు. విడివిడిగా కొంటే తడిసి మోపెడవుతుంది కాబట్టి రోజుల పాస్‌లు తీసుకున్నాం. చేతిలో పాస్, జేబులో హోటల్ చిరునామా, ఇంక ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. మేము లేచేసరికే బయటికి వెళ్ళి, బార్ కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ తాగి వచ్చేవారు. బల్ల దగ్గర కూర్చుంటే రేటు ఎక్కువని మొదటి రోజే కనిపెట్టారు. మర్నాడు చిన్నాడు కూడా ఆయనతో బయల్దేరాడు. గ్రాండ్ కెనాల్ పొడవునా ప్రతి స్టాపులో ఆగుతూ వెళ్ళే ఒకటో నంబర్ పడవలో ఇద్దరూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళొచ్చారు. తిరిగొచ్చి, "తాతయ్యకి అన్ని స్టాపులూ తెలుసు" అని వాడు చెప్తుంటే నాన్న ముఖం చూడాలి.

ఇక్కడ బస ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. దాదాపు వంతెనలన్నిటికీ మెట్లుంటాయి, చక్రాల సూట్‌కేసుకీ మోకాళ్ళకీ అవి శత్రువులు. శాంటా లూచియా స్టేషన్ ఎదుటే స్కాల్జీ వంతెన కనిపిస్తుంది. దాన్ని దాటకుండా స్టేషన్ వైపే ఉన్న కన్నరేజ్జోలో గది తీసుకున్నాం. గొండోలా పగటిపూట అరగంటకి 90 యూరోలు, ఐదుగురు ఎక్కొచ్చు. మేము ఎక్కలేదు. రియాల్టో చేపల మార్కెట్ దగ్గర కాలువ అవతలికి దాటించే త్రాగెత్తో అనే గొండోలా ఉంటుంది, మనిషికి 2 యూరోలు. పిల్లల సరదా తీరడానికి అది చాలు.

ఊరు నుంచి ఊరికి రైలే. ఇటలీలో నగరాల మధ్యలో చాలాచోట్ల జెడ్‌టీఎల్ అని బయటి కార్లకి నిషేధిత ప్రాంతాలుంటాయి. తెలియక అద్దె కారుతో దూరితే ఇంటికొచ్చాక జరిమానాలు వస్తాయి. రైలు ఎందుకు నచ్చిందంటే శాంటా లూచియా, ఫ్లారెన్స్‌లోని శాంటా మరియా నొవెల్లా, రోమ్ టెర్మినీ మూడూ రైలు పట్టాలు ముగిసిపోయే స్టేషన్లు. ప్లాట్‌ఫాం స్టేషన్ హాలుతో ఒకే ఎత్తులో ఉంటుంది, మెట్లెక్కి దిగే బాధ లేదు. వెనిస్ నుంచి ఫ్లారెన్స్ రెండు గంటల పైచిలుకు, అక్కణ్ణుంచి రోమ్ గంటన్నర. ప్లాట్‌ఫాం నంబరు మాత్రం బయల్దేరడానికి కాసేపటి ముందే బోర్డు మీద పడుతుంది. అమ్మానాన్నల్ని బెంచీ మీద కూర్చోబెట్టి పెద్దది బోర్డు కింద నిలబడేది. నంబరు పడగానే చెయ్యెత్తి సైగ చేసేది. చిన్నాడి డ్యూటీ అమ్మమ్మ చెయ్యి పట్టుకోవడం.

ఫ్లారెన్స్ గురించి ఎక్కువ చెప్పను. 463 మెట్లున్న అక్కడి పెద్ద చర్చి గోపురం మా ఆయన, పిల్లలు ఎక్కారు. మేము కింద చౌరస్తాలో నీడ చూసుకుని కూర్చున్నాం. పెద్ద మ్యూజియంలకి సోమవారం సెలవు, అది ముందే చూసుకోండి.

భోజనం గురించి అమ్మకి చాలా టెన్షన్. ఆవిడ శాకాహారి. పార్మిజానో చీజ్ తయారీలో దూడ కడుపులోంచి తీసే పదార్థం వాడతారని పెద్దది ఎక్కడో చదివి, మెనూ రాగానే ముందు తను చూసేది. చీజ్ లేని పిజ్జా మరీనారా, వెల్లుల్లి, ఎండుమిర్చి నూనెలో వేయించి కలిపే ఆల్యో ఎ ఓల్యో పాస్తా ఆవిడకి సరిపోయాయి. రెండోదాన్ని, "ఇది మన పోపేగా" అని ఇష్టంగా తినేది, బ్యాగులోంచి కందిపొడి సీసా తీసి పైన చల్లుకుని.

రోమ్‌లో ఎండ. వీధి వీధికీ ముక్కులాంటి గొట్టం ఉన్న ఇనుప కొళాయిలుంటాయి, వాటిని నాజోనీ అంటారు. ఊరంతా కలిపి సుమారు 2,500. చల్లటి మంచినీళ్ళు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటాయి. ఎంగిలి పట్టింపు ఉన్న అమ్మ, పిల్లలు నోరు పెట్టిన బాటిల్ ముట్టుకోదు. డాలస్‌లో ఈ విషయం మీద పిల్లలకి, ఆవిడకి ఎన్నోసార్లు చిన్న చిన్న అలకలు. పాంథియాన్ దగ్గర సందులో ఒక నాజోనే కింద చిన్నాడు చెయ్యి పెట్టి ఆడుకుంటూ, గొట్టం చివర వేలితో గట్టిగా మూశాడు. గొట్టం పైనున్న చిన్న బెజ్జంలోంచి నీళ్ళు సన్నగా పైకి చిమ్మాయి. వాడు ఒక్క క్షణం చూసి, "అమ్మమ్మా, ఇటు రా! నోరు తగలక్కర్లేదు, ఎంగిలి కాదు!" అని అరిచాడు. వాడు వేలు పెట్టి పట్టుకున్నాడు, అమ్మ చీర కొంగు నడుముకి దోపుకుని వంగి తృప్తిగా తాగింది. ఎంగిలి అంటే విసుక్కునే వాడు ఆ మిగిలిన రోజులన్నీ కొళాయి కనిపిస్తే చాలు, ముందు వెళ్ళి వేలు పెట్టి నిలబడేవాడు.

వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్‌లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుంటేనే రానిస్తారు. కిందటిసారి తిరుమలలో సంప్రదాయ దుస్తులు వేసుకోమంటే నాతో గొడవపడ్డ పెద్దది ఇక్కడి క్యూలో తనే అమ్మమ్మ శాలువా అడిగి కప్పుకుంది. నేను ఏమీ అనలేదు. ఇలాంటి నియమాలు మన ఒక్కరివే కావని అది తనంతట తనే చూసింది, అది చాలు నాకు.

ఇక అసలు లెక్క, రోమ్ నుంచి ఓడ. క్రూజ్ కాగితాల మీద 'రోమ్' అని ఉంటుంది గానీ రేవు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో చివిటవెక్కియాలో ఉంది. వెనిస్ నుంచి ఓడ అన్నా అంతే. 25,000 టన్నులు దాటిన ఓడల్ని 2021 ఆగస్టు నుంచి ఊరిని ఆనుకున్న జుదెక్కా కాలువలోకి రానివ్వడం లేదు, చాలా ఓడలు దూరపు రేవులైన రవెన్నా నుంచో త్రియెస్తే నుంచో బయల్దేరతాయి. రేవు పేరు చూడకుండా హోటల్ బుక్ చేయకండి.

చివిటవెక్కియాకి లోకల్ రైలు మనిషికి సుమారు 5 యూరోలు, గంట పైన ప్రయాణం. కానీ అక్కడ దిగాక రేవు బస్సులు బయల్దేరే లార్గో దెల్లా పాచె దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఓడ దాకా ఇంకో బస్సు. ఆరుగురం, అంత సామాను, అన్నిసార్లు ఎక్కించి దించాలి. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళైతే రైలే మేలు. సమ్మె ఉన్నా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య తప్పనిసరిగా నడపాల్సిన లోకల్ రైళ్ళు కొన్ని ఉంటాయి. మేము వ్యాన్ మాట్లాడుకున్నాం. ఎత్తు 150 సెంటీమీటర్లు దాటని పిల్లలకి ఇటలీలో వాళ్ళకి తగిన సీటు మామూలుగా తప్పనిసరి, డ్రైవరున్న అద్దె వ్యాన్‌కి కొంత సడలింపు ఉన్నా చిన్నాడికి బూస్టర్ సీటు ముందే అడిగాం. ఈ ఒక్కచోట డబ్బు చూసుకోవద్దని నా అభిప్రాయం. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

మళ్ళీ అందరం ఎక్కడ కలవాలో పెద్దది ఇప్పటినుంచే వెతుకుతోంది. తాతయ్య ఒక్కరే పాస్ పట్టుకుని తిరగగలిగే ఊరు అయ్యుండాలట. లిస్బన్ పసుపు ట్రాములు చిన్నాడికి తెగ నచ్చాయి గానీ, అక్కడంతా ఎత్తుపల్లాలు, అమ్మమ్మకి కష్టమని వియన్నా మ్యాపు ముందేసుకుని కూర్చుంది.