గ్యాస్ అన్నారు

నేను ఒడిశాలోని రాయగడలో జాకెట్లు కుట్టే మనిషిని. ఇరవై ఆరేళ్లుగా మెషీను తొక్కుతున్నాను. ఎంత చేయి తిరిగినవాళ్లకైనా సూది ఒక్కోసారి జారుతుందని నాకు ఒకరు చెప్పనక్కరలేదు, నా వేళ్లే సాక్ష్యం. కాబట్టి నా వీపులో సూది దించిన డాక్టరు గారిని ఏమీ అనను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరును మాత్రం ఇవాళ్టికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

2024 డిసెంబరులో మొదలైంది. సాయంత్రమయ్యేసరికి చలిజ్వరం, పొడి దగ్గు, గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో పోటు. సంక్రాంతి ఆర్డర్లు ఉన్నాయని నెలరోజులు మందుల షాపు మాత్రలతో నెట్టుకొచ్చాను. నా కొలతలకు కుట్టుకున్న జాకెట్టు నాకే వదులైంది. చివరికి ఎక్స్‌రే తీస్తే కుడివైపు సగానికి పైగా తెల్లగా ఉంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని, తీసి పరీక్షకు పంపాలని అన్నారు.

మంచం అంచున కూర్చోబెట్టి, ఎదుట బల్ల మీద దిండు వేసి వాలమన్నారు. డాక్టరు గారు వీపు మీద వేళ్లతో తట్టి చూసుకుని చోటు గుర్తు పెట్టుకున్నారు. మత్తు సూది, ఆ తర్వాత పెద్ద సూది. ఎండుగడ్డి రంగు నీరు లీటరు దాకా వచ్చింది. ఇక చాలు అంటుండగా దగ్గు ముంచుకొచ్చింది. ఆపుకోలేకపోయాను. లోపల పాత పట్టుచీర పిగిలినట్లు చిన్న నొప్పి. దగ్గు రావడం మామూలేనన్నారు. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు.

సాయంత్రానికి కుడి భుజం లాగడం మొదలైంది. ఎనిమిదింటికి పడుకోలేక లేచి కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు కుర్ర డాక్టరు వచ్చారు. మేము తెలుగువాళ్లమే అయినా ఒడియా బాగా వచ్చు. 1936లో ఒడిశా ఏర్పడే దాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాయే; మా తాత గీతకు ఈవల ఉండిపోయాడు, అంతే. అందుకే భాష రాక అర్థం కాలేదన్న మాట ఆయన అనడానికి వీల్లేదు. “నిశ్వాస నెయి పారుని” అని స్పష్టంగా చెప్పాను, ఊపిరి తీసుకోలేకపోతున్నానని. ఆయన మెడలో స్టెతస్కోపు మెడలోనే ఉంది. “గ్యాస్ హొయిచి, మాఉసీ” అని నవ్వి, మా ఆయన వైపు తిరిగి, సూది చూస్తే ఆడవాళ్లు ఇలాగే బెదిరిపోతారన్నారు. ఒక ఇంజెక్షను రాసి వెళ్లిపోయారు.

మా ఆయన నమ్మారు. ఎక్కడినుంచో వాము నీళ్లు సంపాదించి తెచ్చారు. “డాక్టరు చెప్పారు కదే, కళ్లు మూసుకో” అని తానే బెంచీ మీద కళ్లు మూసుకున్నారు.

ఆ రాత్రిని ఎలా చెప్పాలో తెలియదు. జనవరి చలిలో చెమటలు కారుతున్నాయి. స్టేషను వైపునుంచి గూడ్సు బండి కూత వినబడితే, అది వంతెన దాటేలోపు ఎన్ని ఊపిర్లు తీశానో లెక్కపెట్టేదాన్ని. రెండు మాటలు కలిపి అనలేకపోతున్నాను. “ఏమండీ” అని పిలవడానికి కూడా గాలి చాలలేదు, మంచం ఇనుప కమ్మీ మీద గాజులు కొట్టాను. ఆయన లేవలేదు. మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నాను. పెళ్లికూతురి జాకెట్లు నాలుగు సగంలో ఉన్నాయని, వాళ్ల బట్ట ఎవరు తిరిగి ఇస్తారని కూడా ఆలోచించాను. చావు ముందర మనిషికి ఇలాంటివే గుర్తొస్తాయేమో.

రెండింటికి సిస్టరు వచ్చింది. గుణుపురం వైపు పిల్ల, తెలుగు మాట్లాడుతుంది. “ఏమ్మా, మాట రావడం లేదా?” అని వేలికి క్లిప్పు పెట్టింది. రక్తంలో ఆక్సిజన్ 84. నా ఛాతీకి రెండు వైపులా అరచేతులు ఆనించి ఊపిరి తీయమంది. ఎడమ చేయి కదిలింది, కుడి చేయి కదలలేదు. ఆ పిల్ల మొహం మారిపోయింది. ఆక్సిజన్ పెట్టి, డ్యూటీ డాక్టరును లేపకుండా, నీరు తీసిన డాక్టరు గారికి ఇంటికే ఫోను చేసింది. ఆయన ఊలు టోపీ తీయకుండానే స్కూటరు మీద వచ్చారు. ఎక్స్‌రే, చంక కింద కోత, గొట్టం. గొట్టం రెండో కొస సీసాలోని నీళ్లలో ముంచగానే బుడబుడమని బుడగలు. నాలుగైదు నిమిషాల్లో నేను పూర్తి వాక్యం మాట్లాడాను. ఆ వాక్యం ఏమిటో ఇక్కడ రాయను, అది మా ఆయనకు సంబంధించినది.

“నా సూది వల్లే జరిగిందమ్మా” అన్నారు డాక్టరు గారు. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ నడుమ గాలి ఉండకూడదు, అందువల్లే ఊపిరితిత్తి విచ్చుకుని ఉంటుంది. సూది మొన దాన్ని గీరితే, మనం పీల్చే గాలే ఆ రంధ్రంలోంచి బయటికి చేరి, ఊపిరితిత్తిని నలిపేస్తుంది. అంటే కుర్ర డాక్టరు చెప్పింది నిజమే. గ్యాసే! కడుపులోది కాదు, అంతే తేడా.

తెల్లవారాక విశాఖ తీసుకెళ్లారు. మా కార్డు ఒడిశాది, ఆరోగ్యశ్రీ మాకు పనికిరాదు. గాజులు తాకట్టుకు వెళ్లాయి. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా అంబులెన్సులో సీసాను కాళ్ల మధ్య పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు మా ఆయన. ఆ మనిషిని అప్పుడు సగం క్షమించాను.

అక్కడ ఆరు రోజులు. పక్క మంచం పెద్దాయనకు డయాలసిస్ కోసం కాలర్ ఎముక కింద నరంలో గొట్టం వేస్తుంటే ఇదే జరిగిందట. ఎదుటి కుర్రాడికి వెంటిలేటరు గాలి ఒత్తిడి వల్ల. బతికించడానికి చేసే పనుల్లోనే ఈ ప్రమాదం ఉందని అప్పుడే తెలిసింది. 2010లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం ఇలా నీరు తీసినవాళ్లలో నూటికి ఆరుగురికి ఊపిరితిత్తి ముడుచుకుందని, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తీస్తే ఇది తగ్గుతుందని మా అబ్బాయి ఫోనులో చదివి వినిపించాడు. మీ ఇంట్లో ఎవరికైనా నీరు తీయవలసి వస్తే ఆ మెషీను ఉందా అని అడగండి. తీసిన తర్వాత ఊపిరి అందకపోతే ఎక్స్‌రే తీయమని పట్టుబట్టండి, సిగ్గుపడకండి. గొట్టం ఉన్న మనిషిని చూడటానికి వెళ్తే సీసాను ఛాతీకంటే పైకి ఎత్తకండి. మా మరిది ఎత్తి చూడబోతే వార్డంతా అరిచింది.

నీటి పరీక్షలో టీబీ అని తేలింది. వింత ఏమిటంటే, మందులు లేని రోజుల్లో టీబీ ఉన్న ఊపిరితిత్తికి విశ్రాంతినివ్వాలని డాక్టర్లే కావాలని గాలి ఎక్కించి దాన్ని ముడిచేవారట. ఇటలీలో ఫోర్లానిని అనే వైద్యుడు మొదలుపెట్టాడని విశాఖ డాక్టరు చెబితే, నేను నవ్వబోయి గొట్టం నొప్పికి ఆగిపోయాను. ఆరు నెలల మాత్రలు ప్రభుత్వమే ఇచ్చింది, తిండికి నెలకు 1,000 రూపాయలు కూడా. ఎవరికీ చెప్పవద్దని మా అత్తయ్య అన్నారు. నేను అందరికీ చెప్పాను. ఇద్దరు ఆడవాళ్లు ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు, తీసుకోనీ.

జులైలో మాత్రలు అయిపోయాయి. మజ్జిగౌరమ్మకు చీర నేనే అంచు కుట్టి ఇచ్చాను. తర్వాతి వారం ఆ సిస్టరు కొలతలకు వచ్చింది, తమ్ముడి పెళ్లట. రెండు జాకెట్లు కుట్టి, డబ్బు వద్దన్నాను. సరేనంటూ టీ తాగి వెళ్లింది. సాయంత్రం దుకాణం కట్టేటప్పుడు కత్తెర తీస్తే, దాని కింద మడత పెట్టిన నోట్లు ఉన్నాయి.